కంపెనీకి తెర, గ్రామానికి తాళం

కరోనా కాలంలో ఈ దేశంలో ఏవేవి మూతపడ్డాయి, అందులో ఏవి ఎంత తొందరగా తెరుచుకున్నాయి అని ఒక పట్టీ రాసుకుంటే చాలు. మన పాలకుల లెక్కలో ఏది అవసరమో, ఏది అనవసరమో తేటతెల్లమైపోతుంది.

నేనుండేది తమిళనాడులో, హొసూరు పక్క ఒక పల్లెలో. కాబట్టి మా రాష్ట్రంతోనే మొదలుపెడతాను. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. మే 7న సర్కారు మద్యం దుకాణాలు తెరిచారు. మరునాడే మద్రాసు హైకోర్టు మూయమంది. సర్కారు సుప్రీంకోర్టుకు పరుగెత్తి మే 15న స్టే తెచ్చుకుని 16న మళ్ళీ తెరిచింది. నవంబరులో సినిమా హాళ్ళు తెరిచారు. 2021 జనవరిలో జల్లికట్టు జరిగింది. ఏప్రిల్ 6న శాసనసభ ఎన్నికలు జరిగాయి. దానికి ముందు వారాల తరబడి ఊరేగింపులు, బహిరంగసభలు, లారీల్లో జనాల తరలింపు. అన్నీ అయ్యాయి.

మరి గ్రామసభ? 2020 మే 1న లేదు. ఆగస్టు 15న లేదు. అక్టోబరు 2న ఉందన్నారు, ఆఖరి గడియలో రద్దు చేశారు. 2020 జనవరి 26న కూడిన గ్రామసభ మళ్ళీ కూడింది 2021 అక్టోబరు 2న. ఇరవై నెలలు! మద్యం కోసం సుప్రీంకోర్టు దాకా పోయిన ప్రభుత్వానికి గ్రామసభ కోసం ఒక ఉత్తరువు రాయడానికి తీరిక చిక్కలేదు.

ఆ రద్దయిన అక్టోబరు 2 సభలో కేంద్రం తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాలకు వ్యతిరేకంగా తీర్మానాలు చేయాలని ఆనాటి ప్రతిపక్షం పిలుపునిచ్చింది. ప్రభుత్వం చెప్పిన కారణం కరోనా. ఈ రెండింటికీ ముడి ఉందో లేదో పాఠకులే ఆలోచించుకోవచ్చు. నా వాదానికి ఆ ముడితో పని లేదు. ఒక్క కాగితం మీద ఒక్క సంతకంతో రాష్ట్రంలోని గ్రామసభలన్నిటినీ ఆపేసే వీలు ఉండడమే నా అభ్యంతరం. నేడు ఒక పార్టీ ఆపింది, రేపు ఇంకొక పార్టీ ఆపుతుంది. విపత్తుకు పార్టీ ఏముంది?

గ్రామసభ అంటే ఏదో సర్కారు వారు దయతలచి పెట్టే విందు కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పటి నుంచి అది రాజ్యాంగంలో పేరున్న సభ. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. శాసనసభకు మనం ప్రతినిధిని పంపుతాం; గ్రామసభకు మనమే పోతాం. ఈ దేశంలో సామాన్యుడు తాను స్వయంగా కూర్చుని చెయ్యెత్తగల సభ అదొక్కటే. దానికే తాళం పడింది.

ఇక తెర సంగతి. మహమ్మారి వేళ నలుగురు ఒకచోట చేరకూడదు, నిజమే. ఆ మాట కంపెనీలకూ వర్తిస్తుంది కదా? వాటి విషయంలో ఏం చేశారో చూడండి. లాక్‌డౌన్ వచ్చి పట్టుమని పదిహేను రోజులు కాకముందే, 2020 ఏప్రిల్ 8న, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. వాటాదారుల అసాధారణ సమావేశాలు వీడియో ద్వారా జరుపుకోవచ్చు అన్నది. మే 5న వార్షిక సమావేశాలకూ ఆ వీలు కల్పించింది. ఊరికే ‘జరుపుకోండి’ అని వదిలేయలేదు. ఎలా జరపాలో పూసగుచ్చినట్లు రాసింది. ఎలక్ట్రానిక్ ఓటింగు ఉన్న పెద్ద కంపెనీ అయితే కనీసం 1000 మంది చేరగల ఏర్పాటుండాలి. సమావేశానికి పదిహేను నిమిషాల ముందే తెర తెరవాలి, మొదలైన పదిహేను నిమిషాల వరకూ మూయకూడదు. వేరు వేరు దేశాల్లో ఉన్న వాటాదారుల గడియారాలు చూసి వేళ నిర్ణయించాలి. ప్రశ్నలు అడిగే వీలుండాలి. జరిగినదంతా రికార్డు చేసి భద్రపరచాలి. తెర మీద హాజరైనవారిని కోరంలో లెక్కించాలి.

చక్కని నియమాలు. నాకు వాటి మీద కోపం లేదు. న్యూయార్కులో కూర్చున్న వాటాదారుకు నిద్రవేళ కాకుండా చూసిన ఆ శ్రద్ధలో వెయ్యోవంతు, డెంకణికోట కొండ పల్లెలో రాగిచేను కోసుకునే మనిషి మీద ఎందుకు లేకపోయింది అన్నదే నా ప్రశ్న. కంపెనీలో వంద రూపాయల వాటా ఉన్నవాడు అడగవచ్చు. ఊళ్ళో పుట్టి, ఊళ్ళో పన్ను కట్టి, ఊళ్ళోనే మట్టయ్యేవాడు అడగకూడదా?

న్యాయస్థానాలూ దారి వెతుక్కున్నాయి. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు వీడియో విచారణలకు మార్గదర్శకాలిచ్చింది. అందులో ముఖ్యమైన మాట ఒకటుంది: ఆ సాధనాలు లేని కక్షిదారులకు కోర్టే వాటిని సమకూర్చాలి. ఇరుపక్షాల ఒప్పుదల లేకుండా తెర మీద సాక్ష్యం తీసుకోకూడదు అని కూడా అన్నది. అంటే తెర ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అని ఆలోచించి గీత గీసింది.

పార్లమెంటు మాత్రం గీత గీయలేదు, తలుపు వేసుకుంది. స్థాయీ సంఘాల సమావేశాలు వీడియోలో జరపనివ్వండని శశి థరూర్, ఆనంద్ శర్మ వంటి అధ్యక్షులు అడిగారు. రహస్యం బయటపడుతుందని ఒప్పుకోలేదు. 2020 సెప్టెంబరు సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంటే ఎత్తేశారు. ఆ ఏడు శీతాకాల సమావేశాలు అసలే లేవు. అదే 2020 ఏప్రిల్ 22న ఇంగ్లండులో కామన్స్ సభ ప్రధాని స్థానంలో ఉన్న మంత్రిని కొందరు సభలో కూర్చుని, కొందరు ఇళ్ళలో తెర ముందు కూర్చుని ప్రశ్నలడిగింది. యథా రాజా తథా ప్రజా అన్నారు. ఢిల్లీలో పెద్ద సభ తలుపు మూసుకుంటే పల్లెలో చిన్న సభకు తాళం వేయడానికి ఎవరికి జంకు?

లోటు ఎక్కడుందంటే చట్టంలో ఉంది. లాక్‌డౌన్‌కు ఆధారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. దానికి తోడు 1897 నాటి అంటువ్యాధుల చట్టం. దుకాణం ఎప్పుడు మూయాలో, బస్సు ఎప్పుడు ఆపాలో ఉత్తరువులివ్వడానికి ఇవి చాలాయి. కానీ విపత్తు వచ్చినప్పుడు పంచాయతీ ఎలా కూడాలి, ప్రజల ముందు ఎలా నిలబడాలి అన్న నియమం వీటిలో లేదు. మనిషి ఆరోగ్యం గురించి చట్టం ఉంది, సభ ఆరోగ్యం గురించి లేదు. విపత్తులోనే డబ్బు ఎక్కువగా ఖర్చవుతుంది. బియ్యం ఎవరికి పంచారు, ఉపాధి పని ఎవరికిచ్చారు, బ్లీచింగ్ పొడి ఎన్ని బస్తాలు కొన్నారు అని అడగవలసిన వేళ అదే. ఆ వేళనే అడిగే చోటు లేకుండా పోయింది.

ఇది ఒక్క తమిళనాడు పాపం కాదు. మహారాష్ట్రలో 2020లో గడువు తీరిన 14 వేలకు పైగా గ్రామ పంచాయతీలకు ఎన్నికలు వాయిదా వేసి అధికారులను కూర్చోబెట్టారు. కర్ణాటకలో పంచాయతీ ఎన్నికలు డిసెంబరు దాకా జరగలేదు. బెంగుళూరు మహానగర పాలిక కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరింది. ఆ తరువాత నగరాన్ని ఏలింది అధికారులే. మన యానాం అయితే చెప్పనే అక్కరలేదు. పుదుచ్చేరిలో 1968 తరువాత స్థానిక ఎన్నికలు జరిగింది 2006లో. వాటి గడువు 2011లో తీరింది. కరోనా వచ్చేనాటికి అక్కడ మూయడానికైనా ఎన్నికైన కౌన్సిలు లేదు.

పరదేశాల్లో ఏం చేశారో చెబితే ‘వాళ్ళది వేరు, మనది వేరు’ అంటారు. అయినా చెబుతాను, ఎందుకంటే అక్కడి నియమాల్లో ఖర్చు కన్నా వివేకం ఎక్కువ. ఇంగ్లండులో 2020 ఏప్రిల్ 4 నుంచి స్థానిక సంస్థలన్నీ, మన పంచాయతీల వంటి పారిష్ కౌన్సిళ్ళతో సహా, దూరం నుంచి కూడవచ్చని నిబంధనలు తెచ్చారు. ప్రజలకు వినబడాలి అని షరతు పెట్టారు. 2021 మే 7తో ఆ వీలు ముగిసేలా అందులోనే తేదీ రాశారు. ఆ తరువాత పార్లమెంటు చట్టం లేనిదే తెర సభలు కుదరవని అక్కడి హైకోర్టు తేల్చింది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో బహిరంగ సభల గురించి 1953 నుంచే ఒక చట్టం ఉంది. బ్రౌన్ యాక్ట్ అంటారు. కరోనా రాగానే 2020 మార్చిలో గవర్నరు ఉత్తరువుతో దాని షరతులు కొన్ని సడలించారు. తరువాత 2021 సెప్టెంబరులో శాసనసభే చట్టం చేసింది. దాని సారం ఇది. అత్యవసర స్థితి అధికారికంగా ప్రకటించి ఉంటేనే ఈ సడలింపు. ‘ఇంకా ఈ అవసరం ఉంది’ అని ఆ సంస్థ ప్రతి 30 రోజులకూ ఓటు వేసి చెప్పుకోవాలి (2023 సవరణతో దాన్ని 45 రోజులు చేశారు). జనం అప్పటికప్పుడు మాట్లాడగలగాలి. ‘మీ మాట ముందే రాసి పంపండి, అంతే’ అనకూడదు. ప్రసారం తెగిపోతే, అది మళ్ళీ కలిసేదాకా ఏ నిర్ణయమూ చేయకూడదు.

ఈ ఆఖరి నియమాన్ని పాఠకులు మరొకసారి చదువుకోవాలని నా మనవి. సిగ్నల్ పోతే సభ ఆగాలి! మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పేరు ఎందుకు గానీ, మా పక్క ఒక ఊరి పాలక సంస్థ లాక్‌డౌన్‌లో ‘ప్రజాభిప్రాయం’ కోసం వీడియో సభ పెట్టింది. గంట ముందు వాట్సప్‌లో లింకు వచ్చింది. చేరితే అందరి గొంతులూ నొక్కి ఉన్నాయి. మాట్లాడే మీట వాళ్ళ చేతిలో ఉంది. ముగ్గురు అధికారులు ఒకరినొకరు మెచ్చుకున్నారు. మధ్యలో రెండుసార్లు తెగింది. మూడోసారి కలిసేటప్పటికి ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని వినబడింది. నోరు మూసి ఉంచిన సభలో ఏకగ్రీవం కాక మరేముంటుంది?

కనుక ‘తెర పెట్టండి’ అని గుడ్డిగా అడగడం లేదు నేను. తెర భక్తులతోనూ నాకు తగాదా ఉంది. విపత్తు పోయినా తెర సభలే మేలు, ఖర్చు తక్కువ, గలాటా ఉండదు అనేవారు పెరుగుతున్నారు. గలాటా ఉండదు, నిజమే. అందుకే అవి వారికి ముద్దు. 2013లో ఒడిశాలో నియంగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమన్నది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు పల్లెల్లో జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట సభలు జరిగాయి. పన్నెండింటికి పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలిచింది. ఆ డోంగ్రియా కోందులను ఒక్కొక్కరినీ ఒక్కొక్క సెల్ ఫోన్ ముందు కూర్చోబెట్టి ఉంటే, పక్కమనిషి భుజం తగలని ఆ చోట, అంత పెద్ద కంపెనీని కాదనే ధైర్యం ఎక్కడినుంచి వచ్చేది? సభకు వచ్చినవాడికి సాటి మనుషులే బలం. తెర ఆ బలాన్ని విడదీస్తుంది. కాబట్టి మనుషులు కూడలేని రోజుల్లో మాత్రమే తెర. కూడగలిగిన మరునాడు చెట్టు కిందికే రావాలి.

‘పల్లెలో టవరు లేదు, ఫోను లేదు, ఎలా జరుపుతారయ్యా?’ అని మూడో వర్గంవారు అంటారు. జరపకూడదని ముందే అనుకున్నవారికి టవరు లేకపోవడం మంచి సాకు. మామూలు ఫోనుతో పది మంది కలిసి మాట్లాడవచ్చు. పంచాయతీ ఆఫీసు మీద మైకు ఉంది. కేబుల్ టీవీ ఉంది. చాటింపు వేసేవాడు ఇంకా బతికే ఉన్నాడు. కర్ణాటక పంచాయతీ చట్టంలో గ్రామసభతోపాటు వార్డు సభ కూడా ఉంది. ఊరంతా కూడలేకపోతే వీధికొకటిగా ఆరుబయట, ఎడంగా కూర్చుని చిన్న సభలు పెట్టి, ఆ మాటలన్నీ ఒక తీర్మానంలోకి తేవచ్చు. రేషను దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీసి మనిషికీ మనిషికీ ఎడం పెట్టినవారు, సభకు గుండ్రాలు గీయలేకపోయారా?

ఇప్పుడు మన సొంత సంగతికి వస్తాను. ఇది తెలుగు పత్రిక, తెలుగునాడు బయట ఉన్న తెలుగువాళ్ళం మనం. ఈ గొడవంతా మనకెందుకు అనిపించవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ మనకే కాబట్టి.

చెట్టు కింద సభలో భాష దానంతట అది దారి చేసుకుంటుంది. మా ఊళ్ళో ముసలమ్మ తెలుగులో అడుగుతుంది, ప్రెసిడెంటు అరవంలో జవాబిస్తాడు, పక్కవాడు కన్నడంలో నవ్వుతాడు. పని జరిగిపోతుంది. అదే తెర మీదికి వస్తే? నోటీసు ఇంగ్లీషు, మీటల మీద ఇంగ్లీషు, అధికారి మాట్లాడేది రాష్ట్ర భాష. పక్కన కూర్చుని ‘ఏమంటున్నారంటే అవ్వా...’ అని చెప్పే మనిషి ఉండడు. హొసూరు, బాగేపల్లి, బరంపురం, సిరోంచ, ఎక్కడైనా అంతే. విపత్తులో మొదట కోసుకుపోయేది అల్పసంఖ్యాకుల భాష.

దీనికి 2020లోనే సాక్ష్యం ఉంది. పర్యావరణ అనుమతుల నియమాలు మార్చే ముసాయిదాను కేంద్రం లాక్‌డౌన్ మధ్యలో ప్రచురించి ప్రజల అభిప్రాయం అడిగింది. ప్రచురించింది హిందీ, ఇంగ్లీషుల్లో మాత్రమే. గ్రామాల మీదికి గనులు, కర్మాగారాలు వచ్చే సంగతి అది. జూన్ 30న ఢిల్లీ హైకోర్టు గడువు ఆగస్టు 11 దాకా పెంచి, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని చెప్పవలసి వచ్చింది. చెప్పేవారు లేకపోతే ఆ మాత్రం కూడా లేదు.

మనకు కాగితం మీద హక్కులు తక్కువేమీ లేవు. ఏ పౌరుడైనా తన కష్టం గురించి కేంద్రంలోగానీ ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం అంటుంది. భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉండాలని 350-బి అంటుంది. ఒక జిల్లాలోగానీ, తాలూకా, మునిసిపాలిటీ వంటి చిన్న ప్రాంతంలోగానీ ఒక భాషవారు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు ఆ భాషలో కూడా ఇవ్వాలని 1956 మెమొరాండంలోనే ఉంది. 1961లో ముఖ్యమంత్రులందరూ కూర్చుని మళ్ళీ ఒప్పుకున్నారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా తెలుగు తమ తల్లిభాష అని చెప్పుకున్నారు. ఇంతమందిలో తెలుగులో ఒక గ్రామసభ నోటీసు చూసినవారు ఎందరు? అక్కడ కాలిఫోర్నియా 2025లో చట్టం సవరించి, పెద్ద నగరాల, కౌంటీల సభా ఎజెండాలను స్థానికంగా 20 శాతం మంది మాట్లాడే, ఇంగ్లీషు బాగా రాని జనం భాషల్లోకి కూడా అనువదించాలన్నది. మనం 1956లో రాసుకున్న మాట అది. రాసుకుని పెట్టెలో పెట్టుకున్నాం.

కాబట్టి ప్రతి రాష్ట్రపు పంచాయతీ, మునిసిపల్ చట్టంలోనూ ఒక చిన్న అధ్యాయం చేర్చాలని అడుగుతున్నాను. అందులో ఏడు మాటలుంటే చాలు. ఒకటి: ఏ విపత్తులోనూ గ్రామసభనుగానీ కౌన్సిలునుగానీ రద్దు చేసే అధికారం ఎవరికీ ఉండకూడదు, రూపం మార్చవచ్చు, పదిహేను రోజులు జరపవచ్చు, అంతే. రెండు: తెర సభకు అనుమతి నెల రోజులకే, పొడిగించాలంటే ఆ సభే ఓటు వేయాలి. మూడు: ఫోనులేనివారి కోసం పంచాయతీ ఆఫీసు ముందు మైకు, మాట్లాడే ఏర్పాటు ఉండాలి. నాలుగు: పౌరుడి గొంతు నొక్కే మీట అధికారి చేతిలో ఉన్నా, ప్రతి ఒక్కరికీ నిర్ణీత సమయం ఇచ్చి తీరాలి. ఐదు: ఓటు పేరు పిలిచి తీసుకోవాలి, రికార్డు ఊరి దగ్గర ఉండాలి. ఆరు: ప్రసారం తెగితే నిర్ణయం చెల్లదు. ఏడు: నోటీసు, ఎజెండా, తీర్మానం ఆ ఊరి అల్పసంఖ్యాక భాషలోనూ ఉండాలి, మాటలు మార్చి చెప్పే మనిషి ఉండాలి. భూమి, అడవి, గనుల సంగతులు మాత్రం తెర మీద తేల్చకూడదు. మనుషులు కూడేదాకా ఆగాలి.

‘తెలుగు కావాలంటున్నావు, ఇది రాష్ట్ర భాషకు పోటీ’ అనేవారికి ఒక్క మాట. శాసనసభలో రాష్ట్ర భాష, ఇంగ్లీషు, హిందీ ఏదీ సరిగా రాని సభ్యుడు అధ్యక్షుడి అనుమతితో తల్లిభాషలో మాట్లాడవచ్చని 210వ అధికరణం చెబుతోంది. ఎమ్మెల్యేకు ఉన్న ఆ వీలు ఎమ్మెల్యేను ఎన్నుకున్న ముసలమ్మకు ఉంటే ఎవరి భాష తరిగిపోతుంది? మేము తమిళం నేర్చుకున్నాం, కన్నడం నేర్చుకున్నాం, ఒడియా, మరాఠీ నేర్చుకున్నాం. కష్టం చెప్పుకునే వేళ మాత్రం అమ్మ భాషే నోటికి వస్తుంది.

చివరగా మన సంఘాలవారికి. ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, శాలువాలు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఏడాదిలో ఒక్క గ్రామసభకైనా తెలుగులో అర్జీ పెట్టిన సంఘాలెన్ని? భాష వేదిక మీద బతకదు. నీళ్ళ కొళాయి గురించి అడిగేటప్పుడు, పట్టా గురించి పోట్లాడేటప్పుడు బతుకుతుంది. తమిళనాడులో గ్రామసభలు ఏడాదికి నాలుగు నుంచి ఆరుకు పెరిగాయి. మిగతా రాష్ట్రాల్లోనూ తేదీలున్నాయి. వచ్చే గ్రామసభకు పైన చెప్పిన ఏడు మాటలు తెలుగులో ఒకటి, రాష్ట్ర భాషలో ఒకటి రాసి తీర్మానం కోసం ఇవ్వండి. తీసుకుంటే రశీదు అడగండి. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో రాసిమ్మని అడగండి. ఇంకొక మహమ్మారి, ఇంకొక తుఫాను రాకముందే ఇది జరగాలి. వచ్చాక అడిగితే, అడిగే చోటుకు అప్పటికే తాళం పడి ఉంటుంది.